ఉప్పు పద్దు చూసే హార్మోన్

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై వైపు వెళ్తుంటే దారిలో మరక్కాణం ఉప్పుమళ్లు కనిపిస్తాయి. బీపీ ఉందని తేలగానే అందరికీ మొదట గుర్తొచ్చేదీ ఉప్పే. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే మన మూత్రపిండాల్లో రోజూ నడిచే ఉప్పు పద్దు ముందు ఈ 5 గ్రాములు చాలా చిన్నవి.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో దాదాపు కిలోన్నర ఉప్పు ఉంటుంది. 99 శాతానికి పైగా తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఇందులో చివరి రెండు శాతాన్ని ఉంచుకోవాలా, వదిలేయాలా అని తేల్చేది ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. కిలోన్నరలో రెండు శాతమంటే 30 గ్రాములు. పళ్లెంలో ఉప్పు తగ్గించడం మంచిదే. కానీ ఈ హార్మోన్ అదుపు తప్పితే పళ్లెంలో తగ్గించినంత మాత్రాన సరిపోదు.

ఉప్పు నిలిస్తే నీరూ నిలుస్తుంది. సెలైన్ సీసాలో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉండేది అందుకే, రక్తంలో నిష్పత్తి ఇంచుమించు అదే. హైస్కూల్లో చదివిన ఓమ్ నియమం ఇక్కడ పనికొస్తుంది. వోల్టేజి స్థానంలో పీడనాన్ని, కరెంటు స్థానంలో రక్తప్రవాహాన్ని పెట్టండి. ప్రవాహం పెరిగినా, నాళాలు బిగిసి నిరోధం పెరిగినా పీడనం పెరుగుతుంది.

ఆల్డోస్టెరాన్ తనంతట తాను పని మొదలుపెట్టదు. రక్తం సరిగా అందడం లేదని తోచినప్పుడు మూత్రపిండం రెనిన్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. దాని వల్ల చివరికి యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. ఇది నాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టెరాన్‌ను విడుదల చేయమని అడ్రినల్ గ్రంథికి కబురు పెడుతుంది. పీడనం కుదుటపడగానే రెనిన్ తగ్గిపోతుంది. రోగనిర్ణయానికి అసలు తాళంచెవి ఈ తగ్గడంలోనే ఉంది.

1954లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాన్ అనే వైద్యుడు 34 ఏళ్ల మహిళను పరీక్షించారు. ఆమెకు బీపీ ఎక్కువ, కండరాలు పట్టేసేవి, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడేవి. రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. అడ్రినల్ గ్రంథే మితిమీరి హార్మోన్ చేస్తోందని కాన్ ఊహించారు. శస్త్రచికిత్సలో కణితి దొరికింది. దాన్ని తీసేశాక ఆమె కోలుకున్నారు.

ఇలాంటివారిలో రెనిన్ అడుగంటి ఉంటుంది, ఆల్డోస్టెరాన్ మాత్రం తగ్గదు. దీన్ని చాలాకాలం అరుదైన జబ్బనుకున్నారు. పొటాషియం తగ్గినవారిలోనే వెతకడం అందుకు ఒక కారణం. నిజానికి ఎక్కువమందిలో పొటాషియం మామూలుగానే ఉంటుంది. బీపీ ఉన్నవారిలో 5 నుంచి 10 శాతం మందికి మూలం ఇదేనని ఇప్పుడు అంచనా. 2025లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ, బీపీ ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేయడం మేలని సూచించింది. లోపం ఒక్క గ్రంథిలోనే ఉంటే శస్త్రచికిత్స, రెండింటిలో ఉంటే ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకునే స్పిరోనోలాక్టోన్ వంటి మందు. తెలియకపోతే ఏళ్ల తరబడి మాత్రల సంఖ్య పెరుగుతుందే తప్ప మూలం అలాగే ఉంటుంది. ఆ హార్మోన్ గుండెను, మూత్రపిండాలను నేరుగా కూడా దెబ్బతీస్తుంది.

పిల్లల సంగతి వేరు. వాళ్లకు బీపీ ఏమిటన్న ధీమాతో చాలాచోట్ల పట్టీ కట్టి చూడనే చూడరు. చూసినా పెద్దల అంకెలతో పోలుస్తారు. ఐదేళ్ల పిల్లవాడికి 120/80 అంటే ఎక్కువే. 13 ఏళ్లలోపు పిల్లలకు వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి పట్టికలో చూసుకోవాలి. కొలిచే పట్టీ కూడా చేతికి తగినదై ఉండాలి.

వయసు ఎంత తక్కువైతే, బీపీ వెనుక ఒక నిర్దిష్ట కారణం దొరికే అవకాశం అంత ఎక్కువ. సాధారణంగా అది మూత్రపిండంలో ఉంటుంది. మూత్రపిండానికి వెళ్లే ధమని సన్నబడితే, ఒంట్లో పీడనం ఎంత ఉన్నా దానికి అందేది తక్కువే. అది రెనిన్ వదులుతూనే ఉంటుంది. మన దేశంలో పిల్లల్లో ఇలా ధమని సన్నబడటానికి టకయాసు ఆర్టరైటిస్ ఒక ముఖ్య కారణం. అంటే ఇక్కడ రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ ఎక్కువ. అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైమ్ లోపంతో పుట్టిన కొందరు పిల్లల్లో రెండూ తక్కువ, బీపీ మాత్రం ఎక్కువ. మగపిల్లల్లోనైతే చిన్న వయసులోనే యౌవన లక్షణాలూ కనిపించవచ్చు.

ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, తలనొప్పితో బీపీ ఎగసి, కాసేపటికి దిగిపోతే అడ్రినలిన్ జాతి హార్మోన్లను గుమ్మరించే కణితిని అనుమానిస్తారు. థైరాయిడ్ తేడాలూ, గర్భనిరోధక మాత్రలూ కొందరిలో బీపీ పెంచుతాయి.

పుదుచ్చేరిలో ఈ అనుమానాలు తీర్చుకోవడానికి జిప్మర్ ఉంది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాలే దాని మూలం. అక్కడ హార్మోన్ల జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. తెలుగువారుండే యానాంలోనూ 2024లో జిప్మర్ కేంద్రం మొదలైంది.

రెనిన్, ఆల్డోస్టెరాన్ పరీక్షకు కావలసింది కాస్త రక్తమే. అయితే కొన్ని బీపీ మందులు ఫలితాన్ని తారుమారు చేస్తాయి, కాబట్టి వాడుతున్నవన్నీ డాక్టరుకు చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. దగ్గుకు రోజూ అతిమధురం వాడేవారు అదీ చెప్పాలి. ఆల్డోస్టెరాన్ చేరాల్సిన చోట కార్టిసాల్ అనే మరో హార్మోన్ చొరబడకుండా కాపలా కాసే ఎంజైమ్‌ను అతిమధురం ఆపేస్తుంది. అప్పుడు రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ తక్కువగా కనిపిస్తాయి, బీపీ మాత్రం పెరుగుతుంది.