చూపు లేనివారికి వైబ్రేషన్‌తో దారి: ఏ గ్యాడ్జెట్ ఏ పని చేస్తుంది?

"200 మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి" అని మ్యాప్ చెబితే మనకి సరిపోతుంది. చూపు లేనివారికి అది సగం సమాచారమే. ఆ 200 మీటర్లలో మూత లేని మ్యాన్‌హోల్ ఉందా, తలకి తగిలే కొమ్మ ఉందా అనేది మ్యాప్‌కి తెలీదు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గ్యాడ్జెట్ కొనేముందు ఒకటి చూడాలి: అది "ఎటు వెళ్లాలి" చెబుతుందా, "ఎదురుగా ఏముంది" చెబుతుందా? ఈ రెండూ వేర్వేరు పనులు.

వాయిస్ ఉండగా వైబ్రేషన్ ఎందుకు?

రోడ్డు దాటేటప్పుడు వాళ్లకి చెవులే ఆధారం. ఆటో ఎటునుంచి వస్తోంది, బస్సు ఆగిందా లేదా అన్నీ శబ్దాన్ని బట్టే తెలుస్తాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అదే పోతుంది. సమాచారం చేతికో పాదానికో అందితే చెవులు ట్రాఫిక్ మీదే ఉంటాయి.

ఎదురుగా ఏముంది? – స్మార్ట్‌కేన్

మామూలు తెల్ల కర్ర నేల మీది గుంటల్ని, మెట్లని బాగానే పట్టిస్తుంది. కానీ మోకాలి పైన ఉండేవి, అంటే ఆగి ఉన్న లారీ వెనక భాగం, తెరిచిన కిటికీ తలుపు లాంటివి కర్రకి తగలవు. ఐఐటీ ఢిల్లీలో తయారై 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ ఈ లోటు కోసమే. తెల్ల కర్ర పిడి దగ్గర బిగించే ఈ పరికరం అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. 3 మీటర్ల వరకూ గుర్తిస్తుంది. గాలిలో శబ్దవేగం సెకనుకి సుమారు 340 మీటర్లు కాబట్టి, 3 మీటర్లు వెళ్లి రావడానికి దాదాపు 18 మిల్లీసెకన్లు చాలు. అడ్డంకి దగ్గరయ్యేకొద్దీ వైబ్రేషన్ తీరు మారుతుంది. సెకనుకి మీటరు చొప్పున నడిచేవారికి ఆగడానికి దాదాపు 3 సెకన్లు దొరుకుతాయి.

ఎటు వెళ్లాలి? – లేచల్

హైదరాబాద్‌కి చెందిన డూసేర్ టెక్నాలజీస్ తెచ్చిన లేచల్ షూస్ బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్ట్ అవుతాయి. ఎడమకి తిరగాలంటే ఎడమ పాదం దగ్గర, కుడికైతే కుడి పాదం దగ్గర వైబ్రేట్ అవుతుంది. ఐడియా చాలా సింపుల్. కానీ ఆధారం జీపీఎస్. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా మామూలే, ఎత్తయిన బిల్డింగుల మధ్య ఇంకా పెరుగుతుంది. చిన్న వీధిలో 5 మీటర్లంటే అవతలి అంచు! మలుపు చెప్పడానికి పనికొస్తుంది కానీ, అడుగు ఎక్కడ వేయాలో చెప్పలేదు.

బ్యాటరీ అక్కర్లేని టెక్నాలజీ

మెట్రో స్టేషన్లలో కనిపించే పసుపు రంగు టైల్స్ డిజైన్ కోసం కాదు. పొడవాటి గీతలుంటే "ఇటు నడవొచ్చు", గుండ్రటి బొడిపెలుంటే "ఆగండి, జాగ్రత్త" అని అర్థం. జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించిన ఈ పలకల్ని 1967లో ఒకయామాలో మొదటిసారి వేశారు. వాటి మీద బైక్ పార్క్ చేస్తే ఒకరి దారి మూసేసినట్టే.

కొనేముందు

ఛార్జింగ్ అయిపోతే ఏం మిగులుతుందో చూడండి. స్మార్ట్‌కేన్ ఆగిపోయినా చేతిలో కర్ర ఉంటుంది. షూస్ ఆగిపోతే దారి చెప్పేవాళ్లే ఉండరు. కాబట్టి నా సలహా: ముందు కర్ర, దానితో నడిచే శిక్షణ. తర్వాత అడ్డంకి చెప్పే పరికరం, ఆ తర్వాతే మలుపు చెప్పేది. ఏది కొన్నా, వాడబోయేవారే తమ వీధిలో నడిచి చూసి ఓకే అనాలి. స్పెక్స్ చదివి మనం ఓకే అంటే సరిపోదు.