లోయి అవ్వ విడిచిన ఆస్తి

పాఠ్యభాగము: 2 తిమోతి 1:3–7, 3:14, 15, తీతు 2:1–6



మన పల్లెలలో పెద్దవారు ప్రభువునందు నిద్రించినప్పుడు, ఆదరణ కూడిక ముగిసి భోజనములైన పిమ్మట, పెద్దమనుష్యులు అరుగుమీద కూర్చుండి పంపకముల మాట యెత్తుట మీరెరిగినదే. పోయినవాడు పురుషుడైతే పొలమెంత, కొబ్బరిచెట్లెన్ని, అప్పెంత అని చీకటి పడువరకు లెక్క తెగదు. స్త్రీ అయితే ఆ లెక్క వెంటనే ముగియును. ఒక జత గాజులు, ఇత్తడి బిందె, కోడళ్లకు చెరొక చీర. 'పాపం, ఆవిడకేముంది' అని లేచిపోవుదురు.

పౌలు తన మరణము సమీపించెనని యెరిగి చెరసాలలోనుండి తిమోతికి పత్రిక వ్రాసినప్పుడు, అటువంటి ఒక అవ్వ ఆస్తిని లెక్క వేసినాడు. తిమోతిలో ఉన్న కపటములేని విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తరువాత తల్లియైన యునీకేలోను కాపురముండెనట. లోయి పేరు పరిశుద్ధ గ్రంథములో మరెక్కడను లేదు. ఆమె ఒక ప్రసంగము చేసినట్లు గాని, ఒక మందిరము కట్టించినట్లు గాని మనకు తెలియదు. ఆమె తల్లి తల్లియా, తండ్రి తల్లియా అని కూడ పౌలు చెప్పలేదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడనియు, తల్లి విశ్వాసము గల యూదురాలనియు అపొస్తలుల కార్యములు 16:1లో ఉన్నది గనుక ఆమె అమ్మమ్మయే అని మేము తలంచుచున్నాము.

ఆ యింటిని ఒకసారి చూడుడి. తండ్రి ప్రార్థనకు కూర్చుండెనని ఎక్కడను వ్రాయబడలేదు. కుమారునికి యౌవనము వచ్చువరకు సున్నతియైనను జరుగలేదు. ఊరు లుస్త్ర. పౌలును రాళ్లతో కొట్టి, చచ్చెననుకొని వెలుపలికి ఈడ్చివేసిన ఊరది. అటువంటి ఊరిలో, అటువంటి యింటిలో ఇద్దరు స్త్రీలు ఒక పసివానికి లేఖనములు నేర్పిరి. ఆ కాలమున అచ్చు పుస్తకములు లేవు. చేతితో వ్రాసిన గ్రంథపు చుట్టలు సామాన్యుల యిండ్లలో ఉండుట అరుదు. కాబట్టి ఆ విద్య చాలవరకు నోటినుండి చెవికి పోయిన విద్యయే అయియుండును. ప్రతి ఆదివారము భర్తను ఇంట విడిచి, పిల్లలను తీసికొని ఒంటరిగా మందిరమునకు వచ్చు తల్లులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారు యునీకే యింటిని జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పుదుము. ఇందులో మా తప్పును ఉన్నది గనుక దాచక చెప్పుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట స్త్రీలకు బైబిలు తరగతి పెట్టవలెనని మాకు ఆశ కలిగెను. సెమినరీలో నేర్చుకొన్న పద్ధతిని పాఠములు వ్రాసి, నల్లబల్ల సిద్ధపరచి, బుధవారము మధ్యాహ్నములు రమ్మని ప్రకటించితిమి. అది జూలై నెల. మొదటి వారము నలుగురు వచ్చిరి. రెండవ వారము మా యింటివారు, మరొక ముసలమ్మ. మూడవ వారము నల్లబల్ల, మేము. ఆ ఆదివారము ప్రసంగ పీఠమునుండి, మన స్త్రీలకు వాక్యమునందు ఆసక్తి లేదని గట్టిగా మందలించితిమి. ఆరాధన అయిన తరువాత ఆ ముసలమ్మ గుమ్మము దగ్గర నిలిచి మెల్లగా ఇట్లనెను: "ఊడ్పుల రోజుల్లో మధ్యాహ్నం రమ్మంటే ఎవరొస్తారండి అయ్యగారూ? మేం గట్టుమీద అన్నాలు తినేటప్పుడు వాక్యం చెప్పుకుంటూనే ఉన్నామండి. మిమ్మల్ని పిలుద్దామంటే బురదలోకి ఎక్కడొస్తారులే అని ఊరుకున్నాం."

మేము నవ్వి పంపివేసితిమి. చదువురాని స్త్రీ, ఏమి వాక్యము చెప్పును అని మనస్సులో అనుకొంటిమి కూడ.

ఆమె క్రిందటి సంవత్సరము ప్రభువునందు నిద్రించెను. ఆదరణ కూడికలో, వాడుక చొప్పున, ఎవరైనను రెండు మాటలు సాక్ష్యము చెప్పవచ్చునంటిమి. కుమారులు కన్నీళ్లతో ఏమియు చెప్పలేకపోయిరి. అప్పుడు వారి బంధువు కాని యొక స్త్రీ, అవతలి వీధి కోడలు, లేచెను. ప్రభువును ఎరుగని యింటినుండి తాను కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఆ అవ్వ ప్రతి సాయంకాలము రుబ్బురోలు దగ్గరకు వచ్చి కూర్చుండి, పిండి త్రిప్పుచున్నంతసేపు ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కొక్క ముక్క చెప్పించెడిదట. తన తొలిచూలు బిడ్డ పోయినప్పుడు నలువది దినములు రాత్రివేళ తన ప్రక్కన పండుకొనెనట. ఆమె కూర్చుండగానే మరొకతె లేచెను. తరువాత ఇంకొకతె. ఆ విధముగా ఏడుగురు స్త్రీలు లేచిరి. వారిలో ముగ్గురు నేడు మన ఆదివారపు బడిలో బోధించుచున్నారు. మేము పదునాలుగు సంవత్సరములు ఆ సంఘమునకు కాపరిగా ఉండియు ఇది ఎరుగము. మా రిజిస్టరులో ఆమె పేరున కానుక లెక్కయు, 'వ్రాలు రాదు' అను మాటయు మాత్రమే ఉన్నవి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి తీతు పత్రిక రెండవ అధ్యాయము మరల తెరచితిమి. ఎన్నిసార్లో ప్రసంగించిన భాగమే. వృద్ధులకు బోధించుమని పౌలు తీతుతో చెప్పెను. వృద్ధస్త్రీలకు బోధించుమనెను. యౌవన పురుషులను హెచ్చరించుమనెను. కాని యౌవన స్త్రీల మాట వచ్చినప్పుడు, నీవు బోధించుమని తీతుతో అనలేదు. వృద్ధస్త్రీలు వారికి నేర్పవలెనని చెప్పెను. కాపరికి అప్పగింపబడని పాఠశాల ఒకటి సంఘములో ఉన్నది. దానికి ఉపాధ్యాయినులు అవ్వలే. భర్తను ప్రేమించుట, బిడ్డను పెంచుట, అత్తింట ఓర్చుకొనుట, తాగివచ్చినవానితో ఏ వేళ మాటలాడవలెనో ఏ వేళ ఊరకుండవలెనో ఎరుగుట, ఇవి మేము నల్లబల్లమీద వ్రాసి నేర్పగలవి కావు. మేము చేయవలసినది అవ్వలను బలపరచుట. దానిని విడిచి వారి పనిని మేము చేయబోయి, కుదరనందున వారినే నిందించితిమి.

అయితే అదే వచనములో వృద్ధస్త్రీలు కొండెములు చెప్పువారై ఉండకూడదని ముందుగా వ్రాయబడినది. ఇది వినుటకు కష్టమైనను చెప్పక తప్పదు. కుళాయి దగ్గర కోడలి తప్పులు లెక్కించు నోటితో ఆ కోడలికి ప్రార్థన నేర్పలేము. నయోమి తన కోడలిని నీ పుట్టింటికి పొమ్మన్నది గాని, నీవలన నా కొడుకు పోయెనని అనలేదు. అందుచేతనే కదా రూతు ఆమెను విడువక హత్తుకొన్నది! చివరకు ఓబేదును ఒడిలో పెట్టుకొని పెంచినది కూడ ఆ అత్తయే (రూతు 4:16).

కడుపున పుట్టినవారు లేని సహోదరీలు, మాకు ఈ భాగ్యము లేదు కదా అని తలంచకుడి. రూఫు తల్లి తనకును తల్లియే అని పౌలు రోమీయులకు వ్రాసెను (16:13). ఆమె పేరైనను మనకు తెలియదు. ఆమె ఒడి మాత్రము అపొస్తలునికి దొరికెను.

మన తెలుగు సంఘములు కూడ ఇటువంటి స్త్రీల చేతులమీదుగా వచ్చినవే. 1853లో అమెరికా బాప్తిస్టు పెద్దలు ఫలము లేదని నెల్లూరు పనిని మూసివేయుటకు ఆలోచించిరి. తరువాత కొద్ది కాలమునకు, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఒంగోలులో ఒక కొండమీద ఐదుగురు మోకాళ్లూని ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. వారు జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నరసు అను బోధకుడు, జూలియ, రూతు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. గొప్ప కరవు పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మన పెద్దలలో అనేకులకు కంఠతా వచ్చును. కాని ఆ కొండ యెక్కిన ఐదుగురిలో ముగ్గురు స్త్రీలని చెప్పినప్పుడు మా సంఘములో ఆశ్చర్యపడనివారు లేరు. జూలియయు రూతును ఇంకను పుట్టని విశ్వాసుల కొరకు ఆ చలిలో మోకరించిరి. ఇరువదినాలుగు సంవత్సరములు గడచినవి.

అంత దూరము పోనక్కరలేదు. మన పొరుగున రామచంద్రపురములో, 1886లో కెనడానుండి వచ్చిన మిస్ హాచ్ దొరసానిగారు కుష్ఠరోగుల కొరకు ఆశ్రమము పెట్టించిరి. ఆమె పేరు మిషను చరిత్రలలో ఉన్నది. ఆ కాలపు దొరసానుల వెంట బైబిలు స్త్రీలు పుస్తకపు సంచి చంకకు తగిలించుకొని, కాలువగట్లవెంబడి పల్లెపల్లెకు నడచి, పురుషులు అడుగుపెట్టలేని వంటయిండ్లలో కూర్చుండి కథలు చెప్పిరి. వారి పేర్లు చాలవరకు మిగులలేదు.

ఈ దినములలో లోయి పని ఎన్నటికంటెను ఎక్కువైనది. మన ప్రాంతపు తల్లులు అనేకులు కువైటు, మస్కటులకు ఇంటిపనికి పోయి, ఏండ్లకు గాని తిరిగి రారు. అప్పులు తీర్చుటకు పోయినవారిని మేము నిందింపము. కాని పిల్లలు అమ్మమ్మల చేతిలో ఉన్నారు. లోయికిని యునీకేకును మధ్య నేడు సముద్రమున్నది. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టు అవ్వలను చూచుచున్నాము. అదే ఫోనుతో మరియొక అవ్వ చేయుచున్న పనిని కూడ చూచితిమి. సాయంకాలము మనుమరాలిచేత ఒక వచనము చెప్పించి, ఆ గొంతును తల్లికి పంపును. తల్లి యజమాని యింట గిన్నెలు కడుగుట ముగించుసరికి ఇక్కడ అర్ధరాత్రి. అప్పుడామె విని, తరువాతి వచనము తాను చెప్పి పంపును. తెల్లవారి లేచి బిడ్డ దానిని విని నేర్చుకొనును. ఆ పద్ధతిలో వారు మొన్నటికి 23వ కీర్తన ముగించి 121వ కీర్తన మొదలుపెట్టిరి. అవ్వకు చదువు రాదు గనుక, బిడ్డ తప్పు చెప్పినప్పుడు దిద్దుచున్నది తల్లియే.

మా రిజిస్టరులో ఇప్పుడు ఒక కొత్త గడి గీసితిమి. బాప్తిస్మము పొందినవారి పేరునకు ఎదురుగా 'ఎవరు నేర్పిరి' అని వ్రాయుటకు. మొదట ఆ ఏడుగురి పేర్లకెదుట ఆ అవ్వ పేరు వ్రాసితిమి. ప్రక్కన నిలిచి చూచుచున్న మా యింటివారు, తన పేరు కూడ చేర్చుమనిరి. మేము ఆ ఊరికి వచ్చిన మొదటి సంవత్సరము, కాపరి భార్యగా ఎట్లు మెలగవలెనో తెలియక రాత్రులు ఏడ్చుచున్నప్పుడు ఆ అవ్వయే వచ్చి కూర్చుండెడిదట. అదియు మేమెరుగము.

ఈ నెల స్త్రీల సమాజ కూడిక ఊడ్పులు ముగిసిన తరువాతి శనివారము, చీకటిపడిన పిమ్మట, దీపాల వేళకు జరుగును. అరువది దాటిన ప్రతి తల్లియు తాను వెంటబెట్టుకొనదలచిన ఒక కోడలి పేరో, పిల్ల పేరో అనుకొని రావలెను. ఆ పిల్ల తమ వీధిదైనను, తమ రక్తము కాకపోయినను సరే. పాఠము మేము చెప్పము. గుమ్మము దగ్గర కూర్చుండి రిజిస్టరు వ్రాయుదుము.