టిస్సో పీఆర్ఎక్స్ వర్సెస్ సీకో ప్రెసాజ్: మన ఊళ్లో పెట్టుకోవడానికి ఏ మెకానికల్ వాచీ బెటర్?

మా నాన్న ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చేతికి హెచ్‌ఎంటీ జనతానే. పొద్దున్నే కాఫీకి ముందు దానికి కీ ఇవ్వడం ఆయనకు అలవాటు. పోయినేడు అది ఆగిపోయింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లోనే కేంద్రం ఓకే చెప్పేసింది, మాచర్లలో దానికి కావాల్సిన పార్టు దొరకలేదు. ఇప్పుడు ఆయన రిటైర్ అవుతున్నారు. నా బోనస్‌తో ఒక మంచి వాచీ కొనిద్దామనుకుని హైదరాబాద్ షోరూమ్‌లో రెండు చూశాను: టిస్సో పీఆర్ఎక్స్ పవర్‌మాటిక్ 80, సీకో ప్రెసాజ్ కాక్‌టైల్ టైమ్ (ఎస్ఆర్‌పీబీ43). రెండూ ఆటోమేటిక్. అంటే చెయ్యి కదిలినప్పుడు లోపల రోటర్ తిరిగి స్ప్రింగ్‌ని చుడుతుంది. కావాలంటే చేత్తో కీ కూడా ఇవ్వొచ్చు. ప్రెసాజ్ కంటే పీఆర్ఎక్స్ ధర బాగా ఎక్కువ. మరి ఆ తేడాకి ఏమొస్తుందో చూద్దాం.

పవర్ రిజర్వ్

దీన్ని ఫోన్ బ్యాటరీ బ్యాకప్‌లా అనుకోండి. పీఆర్ఎక్స్‌ది 80 గంటలు, ప్రెసాజ్‌ది సుమారు 41 గంటలు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు ఫుల్‌గా ఉన్న వాచీ తీసి పక్కన పెడితే ప్రెసాజ్ ఆదివారం మధ్యాహ్నంలోపే ఆగిపోతుంది. పీఆర్ఎక్స్ సోమవారం ఆఫీసు టైముకి కూడా నడుస్తూనే ఉంటుంది. వారం మధ్యలో స్మార్ట్ వాచీ కూడా వాడే నాలాంటి వాళ్లకు ఇది పెద్ద ప్లస్. రోజూ ఒకే వాచీ పెట్టుకునే నాన్నకి మాత్రం దీనితో పని లేదు.

అద్దం, నీళ్లు

పీఆర్ఎక్స్‌కి సఫైర్ అద్దం. ఇసుక, దుమ్ముకి అంత తేలిగ్గా గీతలు పడవు. ప్రెసాజ్‌ది హార్డ్‌లెక్స్ అనే గట్టి మినరల్ గ్లాస్, దానికి గీతలు పడతాయి. వాటర్ రెసిస్టెన్స్ పీఆర్ఎక్స్‌కి 100 మీటర్లు, ప్రెసాజ్‌కి 50 మీటర్లు. 50 మీటర్లని రాశారు కదా అని దాంతో సాగర్ కాలవలో దూకకండి. చేతులు కడుక్కోవడానికి, వానకి సరిపోతుందని అర్థం. ఈ రౌండ్ పీఆర్ఎక్స్‌దే.

చైను, బెల్టు

పీఆర్ఎక్స్ 40 మి.మీ., చైను కేసులో కలిసిపోయినట్టు ఉంటుంది. చూడ్డానికి సూపర్, కానీ మామూలు బెల్టు దానికి పట్టదు. సన్న మణికట్టుకి పెద్దగా అనిపిస్తే 35 మి.మీ. మోడల్ ఉంది. ప్రెసాజ్ 40.5 మి.మీ., 20 మి.మీ. లెదర్ బెల్టుతో వస్తుంది. మా పక్కూరు రెంటచింతల ఎండలు ప్రతి వేసవిలో వార్తల్లో వినేవే. ఆ చెమటకి లెదర్ తొందరగా పాడవుతుంది. అయితే 20 మి.మీ. బెల్టు ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది, ఐదు నిమిషాల్లో మార్చేయొచ్చు.

రిపేరు

స్పెక్ షీట్‌లో కనపడని అసలు పాయింట్ ఇదే. పవర్‌మాటిక్ 80ని ఫ్యాక్టరీలోనే లేజర్‌తో సెట్ చేస్తారు. టైము ముందుకో వెనక్కో పోతుంటే సరిచేసే చిన్న లివర్ అందులో ఉండదు. కాబట్టి సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. మాచర్ల నుంచి అంటే ఒక రోజు పోయినట్టే. ప్రెసాజ్‌లోని 4ఆర్35 మూమెంట్‌కి ఆ లివర్ ఉంది, అనుభవం ఉన్న మెకానిక్ సరిచేయగలడు. ఇది అవసరమే కూడా, ఎందుకంటే రోజుకి +45 నుంచి -35 సెకన్ల వరకు తేడా రావొచ్చని సీకోనే చెబుతోంది. కరెక్ట్ టైమే ముఖ్యమనుకుంటే రెండూ వద్దు, మీ ఫోనే బెస్ట్.

ఏది కొనాలి?

సిటీలో ఉంటూ రెండు మూడు వాచీలు మార్చి పెట్టుకునేవాళ్లకి, గీతలు పడతాయని భయపడేవాళ్లకి పీఆర్ఎక్స్. రోజూ ఒకటే పెట్టుకుని, ఊళ్లోనే బాగు చేయించుకోవాలనుకునేవాళ్లకి ప్రెసాజ్.

స్పెక్స్ ప్రకారం గెలిచింది పీఆర్ఎక్స్. నేను నాన్నకి కొన్నది మాత్రం ప్రెసాజ్. బస్టాండ్ దగ్గర ఆయనకి ఎప్పటి నుంచో తెలిసిన వాచీ మెకానిక్ దాన్ని చూసి, "ఇది నేను చూసుకుంటాలే" అన్నాడు. నాకు ఆ మాటే పెద్ద వారంటీ. ఆటోమేటిక్, కీ అక్కర్లేదని నాన్నకి రెండుసార్లు చెప్పాను. అయినా పొద్దున్నే కాఫీకి ముందు కీ ఇస్తూనే ఉన్నారు. ఇవ్వనీండి, దానివల్ల వాచీకి నష్టమేం లేదు.