కలంకారీ చీరలో రసాయనశాస్త్రం

మీ ఇంట్లో కలంకారీ చీరగాని దుప్పటిగాని ఉంటే నేలమీద పరిచి చూడండి. చుట్టూ అంచు, లోపల పూలతీగలు, మామిడిపిందెలు. అచ్చం తివాచీలా లేదూ? ఈ పోలిక ఊరికే రాలేదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవునుంచి పర్షియాకు అద్దకపు బట్టలు ఓడల్లో వెళ్ళేవి. అక్కడివారు మెచ్చే తివాచీ పూలు మనవాళ్ళ అచ్చుల్లోకి వచ్చాయి. 'కలంకారీ' అన్న మాటే పర్షియన్ మాట. మన నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో కూడా (నేడది తిరుపతి జిల్లాలో ఉంది) 1620లలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం కోసం స్థావరం పెట్టింది.

మూలల్లోని తీగ చూడండి. టేకు అచ్చు ఒక్కటే. దాన్ని 90 డిగ్రీల చొప్పున తిప్పి నాలుగు మూలల్లోనూ అద్దవచ్చు. కాని వంపు తిరిగిన మామిడిపిందెలు ఎదురెదురుగా రావాలంటే అచ్చును ఎంత తిప్పినా లాభం లేదు. అద్దంలో ప్రతిబింబంలాంటి రెండో అచ్చు చెక్కాలి.

మరి ఎరుపు ఎక్కడిది? ఎర్రపువ్వు అద్దేటప్పుడు అచ్చును ముంచేది ఎర్రరంగులో కాదు, పటిక ద్రావణంలో! తరువాత బట్టను ఏటినీటిలో జాడించి, వేరురంగు కాగులో మరిగిస్తారు. పూర్వం తీరపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరును ఇందుకు వాడేవారు. అందులోని అలిజరిన్, పటికలోని అల్యూమినియంతో కలిసి నీటిలో కరగని ఎర్రని పదార్థమై నూలుపోగులను పట్టుకుంటుంది. పటిక తగలనిచోట రంగు నిలవదు. ఉతికి ఎండలో ఆరవేస్తే పోతుంది.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కార్ఖానా రంగు చవకగా వచ్చేసరికి చిరివేరు తవ్వి బ్రతికేవారి పని క్రమంగా పోయింది. అణువు మాత్రం అదే! శాస్త్రం ఎంత గొప్పదైనా, దానివల్ల ఎవరి కూడు మారిందో కూడా మనం తెలుసుకోవాలి.

చేసి చూడండి: తుప్పుమేకులను బెల్లపునీటిలో వారంరోజులు నాననివ్వండి (మూత బిగించవద్దు). రెండు కరక్కాయలు నలగగొట్టి రాత్రంతా నానబెట్టి, ఆ నీటిలో తెల్లని నూలుగుడ్డ ముంచి ఆరవేయండి. మేకులనీటితో దానిమీద పుల్లతో మీ పేరు రాయండి. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి అక్షరాలు నల్లబడతాయి. అదే నీటితో కరక్కాయ పట్టించని గుడ్డమీద రాస్తే ఏమవుతుంది? ఎందుకు? మీ నోటుపుస్తకంలో రాసుకోండి.