ప్రతిమ కంఠమున ఉరిత్రాడు

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున మిసిసిపీ అను రాష్ట్రము కలదు. అందలి ఆక్స్‌ఫర్డ్ పట్టణమున, మిసిసిపీ విశ్వవిద్యాలయ ప్రాంగణమున, జేమ్స్ మెరెడిత్ అను నల్లజాతీయుని కంచు ప్రతిమ కలదు. 2014 ఫిబ్రవరి 16వ తేదీ ఆదివారము ఉదయమున ఆ ప్రతిమ మెడకు ఉరిత్రాడు తగిలింపబడియుండెను. దానిపై జార్జియా రాష్ట్రపు పాత జెండా కప్పబడియుండెను. బానిసత్వమును నిలుపుకొనుటకై 1861 మొదలు 1865 వరకు పోరాడిన దక్షిణ రాష్ట్రముల యుద్ధచిహ్నము ఆ జెండాలో ఉన్నది.

కంచు చెదరలేదు. రాయి పగులలేదు. త్రాటిని తీసివేయుటకు నిమిషము చాలును. ఇక దీనిని కుర్రతనపు చేష్ట యని త్రోసివేయరాదా? రాదు. టస్కెగీ విద్యాసంస్థ కూర్చిన లెక్కలను బట్టి 1882 మొదలు 1968 వరకు ఆ దేశమున మూకలు విచారణ లేకుండ చంపిన నల్లవారు 3,446 మంది. వారిలో 500 మందికి పైగా మిసిసిపీలోనే చంపబడిరి. ఆ హత్యలకు గురుతు ఉరిత్రాడే. నాటి ఉదయము ఆ దారిన తరగతికి పోవు నల్లజాతి విద్యార్థినికి అది త్రాడుగా కనబడదు. తన తాతల మరణముగా కనబడును.

మెరెడిత్ ఎవరు? తొమ్మిది సంవత్సరములు వైమానిక దళమున సేవచేసి వచ్చిన ఈయన 1961లో ఆ విశ్వవిద్యాలయమున ప్రవేశము కోరెను. నల్లవాడను కారణమున త్రోసిపుచ్చగా న్యాయస్థానముల కెక్కి గెలిచెను. రాష్ట్ర గవర్నరే స్వయముగా అడ్డుపడెను. 1962 సెప్టెంబరు 30 రాత్రి ప్రాంగణమున చెలరేగిన అల్లరిలో ఇద్దరు మరణించిరి. అధ్యక్షుడు కెనడీ సైన్యమును పంపవలసివచ్చెను. మరునాడు, అనగా అక్టోబరు 1న, మెరెడిత్ పేరు నమోదయ్యెను. చదువు ముగియువరకును కావలివారు వెంట నడువవలసివచ్చినది. 1963 ఆగస్టులో ఆయన పట్టభద్రుడయ్యెను. నలువది మూడేండ్లకు పైగా గడచిన పిదప, 2006లో, ఆయన ప్రతిమ అచ్చట వెలసినది.

ఇట్టి చోట ఇట్టి అపచారము జరిగినప్పుడు విద్యాలయము చేయదగిన దేమి? అచ్చట జరిగిన దానిని చూతము. పూర్వవిద్యార్థుల సంఘము నేరస్థుల ఆచూకి తెలిపినవారికి 25,000 డాలర్లు బహుమానము ప్రకటించెను. బహుమానము ఆచూకికే గాని ఆదరణకు పనికిరాదు. అంతకంటె మేలైన పనిని విద్యార్థులే చేసిరి. తెల్లవారును నల్లవారును కలిసి ప్రతిమ చుట్టును చేరి నిలిచిరి. ఆ త్రాడు వారిలో కొందరినే ఉద్దేశించినది. తక్కినవారు దానిని తమదిగా తీసికొనిరి. దెబ్బ తగిలినవానిని ఒంటరిగా ఏడువనీయకుండుట మొదటి పని. విచారణలు, సమితులు, తీర్మానములు దాని తరువాతనే.

విచారణయు జరిగినది. జార్జియా నుండి వచ్చి మొదటి సంవత్సరము చదువుచున్న ముగ్గురు విద్యార్థులపై అనుమానము నిలిచెను. ముందునాటి రాత్రి తమ విద్యార్థి సంఘ గృహమున త్రాగుచు ఈ పన్నాగము పన్నిరని తరువాత న్యాయస్థానమున వెల్లడియయ్యెను. ఆ సంఘపు జాతీయ కార్యాలయము అచ్చటి శాఖను మూసివేసెను. మూయుట సులభము, ఆ గోడల మధ్య అట్టి మాటలు ఎన్నాళ్లనుండి నవ్వులతో చెల్లుచున్నవో తెలిసికొనుట కష్టము. వసతిగృహములు నడపువారు ఈ భేదమును గుర్తింపవలెను.

చదువరులు ముఖ్యముగా గమనింపదగిన అంశమొకటి కలదు. కేంద్ర ప్రభుత్వము మోపిన అభియోగము ప్రతిమను పాడుచేసినారని కాదు. నల్లజాతి విద్యార్థులను, ఉద్యోగులను భయపెట్టినారని. గాయపడినది లోహము కాదనియు మనుష్యులనియు చట్టము గుర్తించెను. ఒకడు 2015లో నేరమంగీకరించి ఆరునెలల కారాగారశిక్ష పొందెను. రెండవవానికి 2016లో ఒక యేడు ప్రొబేషనును, 50 గంటల సమాజసేవయు విధింపబడెను. యాబది గంటలు స్వల్పమని కొందరికి తోచవచ్చును. కాని పందొమ్మిదేండ్ల వానికి చెరసాల నేర్పనిది చేతులతో చేయు సేవ నేర్పిన నేర్పవచ్చును.

నేరస్థులను పంపివేసినంతమాత్రమున ప్రాంగణము శుభ్రమగునా? ఆ ప్రాంగణమున ఒక వీథికే ఓడిన దక్షిణ సమాఖ్య పేరుండెను. అట్టి చిహ్నమే రాష్ట్రపు జెండాలో ఎగురుచుండెను. ఆ సైనికుని విగ్రహము 1906 నుండి నడిబొడ్డున నిలిచియుండెను. పెద్దలు నిలిపినదానినే పిల్లలు మెడకు చుట్టిరి! 2014 ఆగస్టులో విశ్వవిద్యాలయము వీథి పేరు మార్చ నిశ్చయించెను. 2015 అక్టోబరులో విద్యార్థి సభ తీర్మానించిన పిదప జెండా దింపబడెను. సైనిక విగ్రహము ప్రాంగణమందలి శ్మశానమునకు 2020 జూలైలో తరలింపబడెను. ఒక్క త్రాటికి ప్రత్యుత్తరము పూర్తిగా వ్రాయుటకు ఆరేండ్లు పట్టినది. ఇది ఆలస్యమే. అయినను తన తప్పును తానే వెదకికొనిన విద్యాలయములు అరుదు.

మన తెలుగు పిల్లలు వేలకొలదిగా ఆ దేశపు కళాశాలలలో చదువుచున్నారు. అట్టి వ్రాతలో, గురుతులో తమ కంటబడినప్పుడు వారు తొందరపడి చెరిపివేయక, ఛాయాచిత్రము తీసి, అధికారులకు తెలుపవలెను, సాక్ష్యము చెడరాదు. తమను ఉద్దేశించినది కానప్పుడును తెలుపవలెను. తాము గాయపరచు పక్షమున నవ్వుచు కూర్చున్నప్పుడు మాత్రము ఏమి చేయవలెనో ఇంటివద్దనే తల్లిదండ్రులు చెప్పి పంపవలెను.

మెరెడిత్‌కు ఆ ప్రతిమ ఇష్టము లేదు. అది విగ్రహారాధన వంటిదనియు, దానిని తీసి పొడిచేయవలెననియు ఆయన స్వయముగా చెప్పియున్నాడు. అందు ఆయన రూపము తలుపులేని ద్వారము వైపు అడుగువేయుచున్నట్లు చెక్కబడినది. ఆ ద్వారము మీద ధైర్యము, జ్ఞానము, అవకాశము, పట్టుదల అను అర్థములుగల నాలుగు మాటలున్నవి. విద్యార్థులు నేటికిని ఆ దారినే తరగతులకు పోవుదురు.