పొట్టి సెట్టరూ, ఎత్తయిన నెట్టూ

(ఫైనల్ బి.యస్సీ., ఎం.పి.సి.)

వాలీబాల్ చూసేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ షాట్ కొట్టేవాడి మీదే ఉంటాయి. చప్పట్లూ వాడికే. కానీ ప్రతి షాట్‌కీ ముందు బంతి ఇంకొకడి వేళ్ళ మీదుగా వెళుతుంది. అది ఎవరికి పోవాలి, ఎంత ఎత్తులో పోవాలి అని తేల్చేవాడు ఆ ఇంకొకడే. అతన్ని సెట్టర్ అంటాం. జట్టుకి దక్కే మూడు స్పర్శల్లో రెండోది దాదాపు ఎప్పుడూ అతనిదే. అంటే జట్టుకి బుర్ర అతనన్నమాట. మరి ఆ బుర్ర అయిదడుగుల నాలుగంగుళాల మనిషి భుజాల మీద ఉంటే జట్టు ఏం చెయ్యాలి? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఇదే.

ఇది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. మా జట్టు సెట్టర్ ఎత్తు 163 సెంటీమీటర్లు. అతని వేళ్ళలోంచి బయల్దేరిన బంతి గాలిలో బొంగరంలా తిరగదు, పెట్టినట్టు పోతుంది. అటువంటి కుర్రాణ్ణి ఒక సెలెక్షన్‌లో, ఒక్క బంతి అయినా లేపనివ్వకుండానే గోడకి ఆనించి కొలిచి, "లిబరోగా ఆడుకో బాబూ" అని పంపేశారు. లిబరో అంటే 1998లో అంతర్జాతీయ నియమాల్లో చేరిన, వెనక వరసలో బంతులు కాచుకునే ఆటగాడు. ఆ స్థానం చిన్నదని నేననను. కానీ మంచి సెట్టర్ దొరకడం కష్టమని తెలిసినవాళ్ళు కూడా ముందు టేపే తీస్తారు. నేను అదే జట్టులో నెట్ మధ్యన ఆడతాను. నా ఎత్తు ఆరడుగులకి అంగుళం తక్కువ. అతను పంపే బంతులు రోజూ కొట్టేవాణ్ణి కనుక ఈ విషయంలో నాకూ కొంత మాట చెల్లుతుందనుకుంటాను.

మనిషిని బట్టి ఆట మార్చడం మన గడ్డకి కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ తెచ్చిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ చేసింది అదే. మన కుర్రాళ్ళు విదేశీయులతో గాలిలో బంతి కోసం భుజం భుజం రాసుకుంటే నెగ్గలేరు. కనుక బంతిని నేల మీదే ఉంచి, చిన్న చిన్న పాసులతో ఆడించాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, ముందు వరసకి మార్చాడు. సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాని 2–1తో ఓడించిన ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు.

ఇక లెక్కకి వద్దాం. గాలి నిరోధాన్ని వదిలేస్తున్నాను, భౌతికశాస్త్రం మాస్టార్లు క్షమించాలి. బంతి పైకి పోయే ఎత్తుని రెట్టించి, 9.8తో భాగించి, వర్గమూలం తీస్తే పట్టే కాలం సెకన్లలో వస్తుంది. కిందికి దిగేటప్పుడూ అదే సూత్రం. మా సెట్టర్ చేతుల్లోంచి బంతి బయల్దేరేది నేల నుంచి సుమారు 1.8 మీటర్ల ఎత్తులో. గోడ మీద సుద్దతో గీసి కొలిచాం. ఆరడుగుల మూడంగుళాల సెట్టరైతే 2.1 మీటర్లు అనుకోండి. మన ఊళ్ళలో అలవాటైన పద్ధతి ప్రకారం బంతిని 5.5 మీటర్ల దాకా లేపి, 3 మీటర్ల దగ్గర కొట్టించామంటే, పొడుగాటి సెట్టర్‌కి 1.55 సెకన్లు, మావాడికి 1.58 సెకన్లు పడుతుంది. తేడా నూటికి నాలుగు వంతుల సెకను కూడా లేదు! ఎత్తు చాలదని పంపేసింది ఈ తేడా కోసమా?

ఇప్పుడు అదే పొట్టివాడు బంతిని 3.6 మీటర్లకి మించి లేపకుండా, వాలుగా పక్కకి పంపాడనుకుందాం. మొత్తం కాలం 0.96 సెకను. మిగిలింది 0.62 సెకను. ఇది పదిహేను రెట్లకి పైన లాభం. అవతలి వైపు మధ్యన నిలబడ్డ బ్లాకర్ సెకనుకి మూడు మీటర్ల చొప్పున పక్కకి జరుగుతాడనుకుంటే, పాత పద్ధతిలో అతనికి 4.7 మీటర్లు జరిగే వ్యవధి ఉంది. కోర్టు వెడల్పే తొమ్మిది మీటర్లు, మధ్య నుంచి అంచుకి నాలుగున్నర. అంటే నడుచుకుంటూ వచ్చి ఎగరొచ్చు. కొత్త పద్ధతిలో 2.9 మీటర్లే. దారిలోనే ఉండిపోతాడు. మాది కాలవ చివరి భూమి. నీళ్ళు తక్కువ ఎత్తులో వస్తాయి. కాలవని ఎత్తలేం కాబట్టి మడినే చదును చేసుకుంటాడు మా నాన్న. ఇదీ అలాంటిదే.

అయితే ఈ లాభం ఉచితంగా రాదు. బంతి తక్కువ ఎత్తులో వస్తుంది కనుక కొట్టేవాడు దాన్ని చూసి బయల్దేరితే అందదు. ముందే పరుగెత్తాలి. మధ్యన ఆడే నాకైతే, బంతి సెట్టర్ చేతికి చేరేసరికే గాలిలో ఉండాలి. అదంతా నమ్మకం మీద జరిగే పని. "ముందు నువ్వెగురు రా, బంతిని నీ చేతికి నేను తెస్తా" అంటాడు మా సెట్టర్. బంతి ఎక్కడుందో చూసుకుంటూ ఎగిరే అలవాటు పోగొట్టుకోవడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది. మా శ్రీకాకుళం వైపు వరి కోతకి ముందే చేలో మినుములు చల్లేస్తారు కనుక పొలంలో ఆడే వీలుండదు. ఈ సాధనంతా కళ్ళంలోనే.

ఈ విద్యని ప్రపంచానికి చూపినవాళ్ళు జపాన్ వాళ్ళు. 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో మత్సుదైరా శిక్షణలో జపాన్ పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. సెట్టర్ నెకోడా. అతను పొట్టి బంతులు పంపుతూంటే, మోరిటా ఎగిరినట్టు నటించి, బ్లాకర్ ఎగిరి దిగాక తాను ఎగిరి కొట్టేవాడు. ఇంకా చెప్పుకోవలసింది యోషియే తకెషిత గురించి. ఆమె ఎత్తు 159 సెంటీమీటర్లు, మా సెట్టర్ కన్నా తక్కువ. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు, ఎదురుగా ఆరడుగులు దాటిన యూరప్ అమ్మాయిలు. జపాన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేకపోయినప్పుడు ఆమె ఎత్తు మీద చాలామంది వేలెత్తి చూపారు. 2006 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. 2012 లండన్‌లో జపాన్ మహిళలు దక్షిణ కొరియాని ఓడించి కాంస్యం తెచ్చుకున్నప్పుడు కూడా సెట్టర్ ఆమే.

ఇంతవరకు లాభాల పద్దు రాశాను. నష్టాల పద్దు కూడా రాయాలి. పొట్టి సెట్టర్‌తో అసలు చిక్కు బంతి లేపడంలో లేదు, బ్లాక్‌లో ఉంది. ఆటగాళ్ళు గడియారం ముల్లులా తిరుగుతారు కనుక ఆరు స్థానాల్లో మూడింట సెట్టర్ ముందు వరసకి వస్తాడు. పురుషుల నెట్ 2.43 మీటర్లు. అవతలివాళ్ళు కళ్ళు మూసుకుని అతని తల మీదుగా కొడతారు. దీనికి పూర్తి మందు లేదు, ఉపశమనాలే ఉన్నాయి. మేం చేసేది ఒకటి చెబుతాను. అవతల పొడుగాటివాడు కొడుతున్నప్పుడు మా సెట్టర్ అసలు ఎగరడు. రెండడుగులు వెనక్కి తగ్గి, మెల్లగా తట్టి వదిలే బంతుల కోసం కాచుకుంటాడు. పొట్టి చేతులకి రాసుకున్న బంతి ఎటు పోతుందో వెనకవాళ్ళు కనిపెట్టలేరు. అడ్డేమీ లేకుండా వచ్చిన బంతినైతే కనీసం చూడగలరు. సగం అడ్డు కన్నా అసలు లేకపోవడమే నయం.

రెండోది, సెట్‌ని అతను ఒకటో స్థానంలో, అంటే వెనక కుడివైపు ఉండగా మొదలెట్టడం. అక్కడి నుంచి ఆరు, అయిదు స్థానాలు తిరిగాక గాని ముందుకి రాడు. ఆ మూడు రొటేషన్లలో ముందు కొట్టేవాళ్ళు ముగ్గురు ఉంటారు. సెట్ ఎక్కడ ముగిసినా అతను వెనక ఉన్న రొటేషన్లే ఒకటి రెండు ఎక్కువ దొరికే అవకాశం ఉంది. అతను ముందుకి వచ్చిన వేళ కొట్టేవాళ్ళు ఇద్దరే మిగులుతారు కాబట్టి మూడు మీటర్ల గీత వెనక నుంచి ఎగిరి కొట్టేవాడొకడు తప్పనిసరి. జట్టులో మనుషులుంటే ఆ సమయానికి అతని బదులు ముందు ఒక పొడుగాటివాణ్ణీ, వెనక రెండో సెట్టర్‌నీ ఒకేసారి దింపొచ్చు. పోవడానికి రెండు మార్పులు, తిరిగి రావడానికి రెండు. సెట్టుకి ఆరే మార్పులు కనుక సెట్‌లో ఒక్కసారికే కుదురుతుంది. మాకు రెండో సెట్టర్ లేడు, కాబట్టి ఈ ఉపాయం కాగితం మీదే ఉంది.

అన్నిటికన్నా ముందు కావలసింది చివర చెబుతున్నాను. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. చేత్తో బంతి విసిరి ఆటంతా నడిపేవాడు. అతని ముందు సొంత జట్టు భీమకాయులే గోడలా నిలబడతారు. ఆరడుగులంటే అక్కడ పొట్టికిందే లెక్క. అంత ఎత్తే ఉన్న డ్రూ బ్రీస్ న్యూ ఆర్లియన్స్ జట్టుని 2010లోనూ, ఇంకో అంగుళం తక్కువైన రసెల్ విల్సన్ సియాటిల్ జట్టుని 2014లోనూ సూపర్ బౌల్ గెలిపించారు. పొట్టి క్వార్టర్‌బ్యాక్ కోసం అక్కడి కోచ్‌లు చేసే పని, అతన్ని ఆ గోడకి దూరంగా నిలబెట్టడమో, పక్కకి పరుగెత్తించి విసిరించడమో, ముందున్నవాళ్ళ మధ్య సందు తెరిపించడమో. తల మీదుగా చూడలేనివాడికి సందులోంచి చూసే ఏర్పాటు అన్నమాట.

వాలీబాల్‌లో ఆ దూరం మొదటి బంతి లేపేవాళ్ళ చేతుల్లో ఉంది. బంతి నెట్‌ని అంటుకుని వస్తే పొడుగాటి సెట్టర్ ఒంటిచేత్తో అయినా కాపాడుకుంటాడు. పొట్టివాడి బంతిని అవతలి బ్లాకర్ లాక్కుంటాడు. కనుక మా జట్టులో సర్వీస్ అందుకునేవాళ్ళకి ఒకటే ఆజ్ఞ. బంతి నెట్‌కి మీటరు నుంచి మీటరున్నర ఇవతల దిగాలి. దీనికోసం నెట్ వెంబడి, మీటరు దూరంలో, నేల మీద కొబ్బరితాడు పరుస్తాం. తాడుకి అవతల పడ్డ బంతిని, అందుకున్నవాడే పరుగెత్తి వెళ్ళి తెచ్చుకోవాలి. సాయంత్రం వందేసి సర్వీసులు. మొదట్లో అందరూ విసుక్కున్నారు. ఇప్పుడు తాడు పరవడం మరిచిపోతే వాళ్ళే అడుగుతున్నారు.