పగడపు అక్వేరియంలో నైట్రేట్ల తగ్గింపు – వడపోత పద్ధతుల ఎంపిక

నీరు నిలిచిన వరి మడిలో నేల పైపొరకు ప్రాణవాయువు అందుతుంది, దిగువ పొరకు అందదు. పైపొరలో ఏర్పడిన నైట్రేటు దిగువకు ఇంకినప్పుడు అక్కడి సూక్ష్మజీవులు దానిని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి విడుస్తాయి. రైతుకు ఇది ఎరువు నష్టం. ఇంటిలో పగడాలను పెంచే ఉప్పునీటి తొట్టిలో ఇదే చర్య లాభదాయకం. మేత రూపంలో ప్రతిరోజూ తొట్టిలో చేరే నత్రజనికి బయటకు పోయే మార్గం చాలా తక్కువ. అందువల్ల వడపోత సాధనాన్ని ఎంచుకొనేటప్పుడు నీటి తేటదనంతో పాటు, అది తొట్టి నుండి నత్రజనిని ఏ మేరకు తొలగించగలదో పరిశీలించవలసి ఉంటుంది.

నైట్రేట్లు పేరుకొనే విధానం

మేతలోని మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. చేపలు విసర్జించే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్లడం వల్ల వెలువడే అమ్మోనియా సూక్ష్మజీవుల చర్యతో మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుతుంది. అమ్మోనియాతో పోల్చితే నైట్రేటు చేపలకు చాలా తక్కువ హానికరం. కాబట్టి చేపలు చురుకుగా తిరుగుతున్నంత మాత్రాన నీరు పగడాలకు అనుకూలంగా ఉన్నదని భావించరాదు. పగడపు కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు అధిక నైట్రేటుతో విపరీతంగా వృద్ధి చెందుతాయి. ఫలితంగా పగడం గోధుమ వర్ణానికి మారుతుంది, దాని అస్థిపంజర పెరుగుదల మందగించవచ్చు, రాళ్లపై నాచు వ్యాపిస్తుంది.

కొలతలో జాగ్రత్తలు

సహజ పగడపు దిబ్బల నీటిలో నైట్రేటు సాధారణంగా లీటరుకు 1 మి.గ్రా. కంటే తక్కువ. ఇంటి తొట్టిలో 2 నుండి 10 మి.గ్రా. వరకు ఉంటే చాలా రకాలకు సరిపోతుంది. మెత్తని పగడాలు ఇంతకంటే కొంత ఎక్కువను తట్టుకొంటాయి. కొన్ని పరీక్షా కిట్లు నైట్రేటును, మరికొన్ని నైట్రేటులోని నత్రజనిని మాత్రమే చూపుతాయి. రెండవ రకం కిట్టు విలువను 4.43తో గుణిస్తే నైట్రేటు విలువ లభిస్తుంది. ఈ తేడాను గమనించకపోతే 44 మి.గ్రా. ఉన్న నీటిని 10 మి.గ్రా.గా పొరబడే ప్రమాదం ఉన్నది.

నీటి వనరును కూడా పరీక్షించాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మి.గ్రా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని అనేక ప్రాంతాల బోరు నీటిలో ఈ పరిమితికి మించి నైట్రేటు ఉన్నది. తాగడానికి పనికివచ్చే 40 మి.గ్రా. నీటితో ఉప్పునీరు తయారుచేసినా, నీటిని మార్చిన ప్రతిసారీ తొట్టిలో నైట్రేటును చేర్చినట్లే అవుతుంది. అందువల్ల ఆర్.ఓ. యంత్రంలో శుద్ధిచేసి, అయాన్ మార్పిడి రెజిన్ గుండా పంపిన నీటినే వాడాలి.

నీటి మార్పిడి లెక్క

తొట్టిలో వారానికి 4 మి.గ్రా. నైట్రేటు పెరుగుతూ, వారానికి 10 శాతం నీటిని మార్చితే, మార్పిడికి ముందు విలువ కాలక్రమంలో 40 మి.గ్రా. వద్ద స్థిరపడుతుంది. 20 శాతం మార్చితే 20 మి.గ్రా. వద్ద నిలుస్తుంది. వారపు పెరుగుదలను మార్చే భాగంతో భాగిస్తే ఈ విలువ వస్తుంది. దీనిని 10 మి.గ్రా.కు తేవాలంటే వారానికి 40 శాతం నీటిని మార్చవలసి ఉంటుంది. ఇది ఖర్చుతో కూడినది, పగడాలకు ఒత్తిడి కలిగించేది. కావున మేతను తగ్గించడం, నత్రజనిని తొలగించే వడపోతను అమర్చడం తప్పనిసరి.

వడపోత సాధనాల ఎంపిక

స్పాంజి, దూది వంటి యాంత్రిక వడపోతలు వ్యర్థాన్ని పట్టి ఉంచుతాయే గాని నీటి నుండి వేరుచేయవు. వాటిని రెండు మూడు రోజులకు ఒకసారి శుభ్రపరచకపోతే అందులోని వ్యర్థం కుళ్లి నైట్రేటుగా మారుతుంది. నెలల తరబడి తెరవని డబ్బా ఫిల్టర్లలోనూ ఇదే జరుగుతుంది.

ప్రోటీన్ స్కిమ్మర్ సన్నని గాలి బుడగల ద్వారా సేంద్రియ పదార్థాన్ని నురుగుగా వెలికి తీస్తుంది. ఇది నైట్రేటును నేరుగా తొలగించదు. నైట్రేటుగా మారవలసిన పదార్థాన్ని ముందుగానే తీసివేస్తుంది.

సూక్ష్మ రంధ్రాలు గల సజీవ శిలల లోపలి భాగంలోను, 10 సెం.మీ.కు మించిన ఇసుక పొర అడుగున ప్రాణవాయువు లేనందున వరి మడిలో వలెనే నత్రజని వాయువు ఏర్పడుతుంది. లోతైన ఇసుకను కదిలించరాదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ చేపలకు ప్రాణాంతకం.

స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఆడీ నాచు తెరలతో నీటిని శుద్ధిచేసే విధానాన్ని అభివృద్ధి చేశారు. ఇళ్లలో ప్రత్యేక గదిలో దీపకాంతి కింద కీటోమార్ఫా నాచును పెంచడం సులభం. పైరు కోసినట్లు నాచును కోసి బయట వేసినప్పుడే నత్రజని తొలగుతుంది.

వెనిగర్ వంటి కర్బన ద్రావణాలను స్వల్పంగా చేర్చే పద్ధతి కూడా కలదు. వరిగడ్డిని కలియదున్నినప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని బంధించినట్లే, ఇక్కడా అవి నత్రజనిని, భాస్వరాన్ని తమ దేహాలలో బంధిస్తాయి. వాటిని స్కిమ్మర్ బయటకు తీస్తుంది. మోతాదు మించితే నీరు పాలవలె మారి, ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. శక్తివంతమైన స్కిమ్మర్ లేని తొట్టిలో దీనిని వాడరాదు.

కొత్తగా ప్రారంభించేవారికి సజీవ శిలలు, స్కిమ్మర్, వారానికి 10–15 శాతం నీటి మార్పిడి చాలును. చేపలు ఎక్కువగా ఉంటే నాచు గదిని చేర్చాలి. కర్బన ద్రావణాలను చివరి మార్గంగా, క్రమం తప్పక పరీక్షలు చేయగలిగినవారే ఎంచుకోవాలి.

తగ్గింపులో సంయమనం

నైట్రేటును సున్నాకు తేవడం లక్ష్యం కారాదు. నైట్రేటు అధికంగా ఉండి భాస్వరం కొరవడితే పగడాలు వేడికి, అధిక కాంతికి త్వరగా పాలిపోతాయని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వెల్లడించారు. నాచును చూసి భయపడి భాస్వర నిరోధకాలను విచ్చలవిడిగా వాడేవారు ఈ స్థితినే కొనితెచ్చుకొంటారు. రెండు పోషకాలనూ కలిపి కొలిచి, నైట్రేటును కొన్ని వారాల వ్యవధిలో నెమ్మదిగా తగ్గించాలి.

రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుండి వాటిని సేకరించడం నేరం. సూక్ష్మజీవులను చేర్చిన కృత్రిమ శిలలు కాలక్రమేణా సజీవ శిలల పనిని నిర్వహిస్తాయి.

సలహా కోరి వచ్చినవారు ఏ ఫిల్టరు మంచిదని అడుగుతారు. విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా రోజువారీ మేత పరిమాణాన్ని, వారపు నైట్రేటు పెరుగుదలను, నీటి వనరును తెలుసుకోవాలి. ఈ మూడూ తెలిసిన తరువాతనే తగిన సాధనాన్ని సూచించడం సాధ్యమవుతుంది.